ఆ రాత్రి మూడు ఆసుపత్రుల తలుపులు తట్టాం

మా వాడికి అప్పుడు ఆరేళ్ళు. సాయంత్రం ఆడుకుంటూ, ఇనుప కమ్మీలు పట్టుకుని కోతిలా వేలాడే చోట చెయ్యి జారి కింద పడ్డాడు. పడేటప్పుడు ఎడమ చెయ్యి ముందుకు చాపాడు. నేను పరుగెత్తుకెళ్ళేసరికి మోచేతికి కాస్త పైన చెయ్యి ఉండాల్సిన ఆకారంలో లేదు. వాడు ఏడవడం కూడా లేదు, పెదాలు తెల్లబడిపోయి నా మొహంలోకే చూస్తున్నాడు. ఆ చూపు గుర్తొస్తే ఇప్పటికీ నాకు కడుపులో తిప్పుతుంది.

తర్వాతి నాలుగు గంటల్లో మేం మూడు ఆసుపత్రులు తిరిగాం.

మొదటిది ఇంటికి బాగా దగ్గర. జ్వరం వచ్చినా, దగ్గు వచ్చినా అక్కడికే వెళ్తాం కాబట్టి ఆలోచించకుండా అక్కడికే పరుగెత్తాం. ఎక్స్‌రే తీసే మనిషి సాయంత్రమే వెళ్ళిపోయాడు. పేరు రాయించుకుని, కూర్చుని, డ్యూటీ డాక్టర్ వచ్చి చూసి, చేతికి ఒక అట్ట పెట్టి కట్టు కట్టి "పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళండి" అని చెప్పేసరికి నలభై నిమిషాలు అయింది. రెండోది నిజంగానే పెద్దది, ఎన్నో అంతస్తులు, ఎన్నో బోర్డులు. అక్కడ ఎక్స్‌రే తీశారు, ఎముక విరిగి పక్కకి జరిగిందన్నారు, ఆపరేషన్ థియేటర్‌లో సరిచెయ్యాలన్నారు. కానీ చిన్నపిల్లలకి మత్తు ఇచ్చే డాక్టర్ పొద్దున గానీ రారు, అడ్మిట్ చేసుకుంటాం, ఉదయం చూద్దాం అన్నారు. మేం ఊపిరి పీల్చుకున్నాం. పెద్ద ఆసుపత్రికి వచ్చేశాం కదా, ఇక వాళ్ళే చూసుకుంటారు అనుకున్నాం.

అప్పుడు మా ఆడపడుచు ఫోన్ చేసింది. తను నర్సు. జరిగింది చెప్తుంటే మధ్యలో ఆపి, "వదినా, ఒక్క నిమిషం. కట్టు బయట వాడి వేళ్ళు కనపడుతున్నాయా? ముట్టుకుని చూడు. రెండో చేతి వేళ్ళు కూడా ముట్టుకో. రెండూ ఒకేలా ఉన్నాయా?" అంది. ముట్టుకున్నాను. కుడి చెయ్యి వెచ్చగా ఉంది. ఎడమ చేతి వేళ్ళు చల్లగా, పాలిపోయి ఉన్నాయి. గోరు నొక్కి వదలమంది. కుడి చేతి గోరు వెంటనే ఎర్రబడింది, ఎడమ చేతిది తెల్లగా అలాగే ఉండి ఎప్పటికో రంగు వచ్చింది. "ఇప్పుడే డాక్టర్‌ని పిలిచి ఇది చూపించు. ఉదయం దాకా ఆగే పని కాదు. పిల్లల ఎముకల డాక్టరూ, మత్తు డాక్టరూ ఇద్దరూ ఈ రాత్రి ఉన్నది ఎక్కడో నేను కనుక్కుంటా" అని పెట్టేసింది.

డాక్టర్‌ని పిలిచి చూపిస్తే ఆయన కూడా కంగారుపడి, నిజమే, ఆగకూడదన్నారు. మూడో ఆసుపత్రి రెండోదాంట్లో సగం కూడా ఉండదు. కానీ ఆ రాత్రి అక్కడ కావలసిన ఇద్దరూ ఉన్నారు, మేం వెళ్ళేముందే వాళ్ళకి ఫోన్ వెళ్ళింది. చేరిన గంటన్నరలో ఎముక సరిచేసి, రెండు సన్నటి తీగలు దింపి, వాడిని బయటికి తెచ్చారు. విరిగిన ఎముక ముక్క రక్తనాళాన్ని నొక్కుతోందట, ఎముక తన చోటుకి రాగానే చెయ్యి గులాబీ రంగులోకి వచ్చిందని సర్జన్ చెప్పారు. ఆ దెబ్బని సుప్రాకాండైలర్ ఫ్రాక్చర్ అంటారని అప్పుడే విన్నాను. చాచిన చేతి మీద పడ్డ ఐదారేళ్ళ పిల్లల్లో మోచేతి దగ్గర ఎక్కువగా విరిగేది ఇదే. చాలా వరకు మామూలుగానే నయమవుతాయి. చెయ్యి చల్లబడిందంటే మాత్రం పరుగెత్తాల్సిందే.

ఆ రోజు నించీ దీని గురించి ఆలోచిస్తున్నాను, చదువుతున్నాను, తెలిసిన డాక్టర్లని విసిగిస్తున్నాను. చివరికి నాకు అర్థమైంది ఇది. పిల్లలకి దెబ్బ తగిలినప్పుడు మనం "దగ్గర్లో ఏది ఉంది?" అనో, "మంచి ఆసుపత్రి ఏది?" అనో అడుగుతాం. మేం ఆ రాత్రి రెండూ అడిగాం, రెండుసార్లూ తప్పు తలుపే తట్టాం. అడగాల్సింది, ఈ దెబ్బకి వచ్చే గంటలో ఏం కావాలి, అది చేసే మనిషి ఈ క్షణాన ఎక్కడ ఉన్నాడు అని. ఆసుపత్రి పేరూ, భవనం ఎత్తూ, మనకి అక్కడ ఉన్న అలవాటూ ఆ ప్రశ్నకి జవాబు చెప్పవు.

దీనికి ఒక మినహాయింపు ఉంది, దాన్ని ముందే చెప్పాలి, ఎందుకంటే అక్కడ నా వాదన పట్టుకుని కూర్చుంటే ప్రాణం పోతుంది. ఊపిరి కష్టంగా తీస్తుంటే, పెదాలు నీలంగా మారుతుంటే, స్పృహ లేకపోతే, ఫిట్స్ వస్తుంటే, గట్టిగా నొక్కి పట్టుకున్నా రక్తం ఆగకపోతే ఏ లెక్కలూ వద్దు. అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యండి. అది రాదనిపిస్తే అన్నిటికంటే దగ్గరున్న ఎమర్జెన్సీకి వెళ్ళండి, అది ఎంత చిన్నదైనా సరే. అక్కడ ఊపిరి నిలబెడతారు, రక్తం ఆపుతారు, తర్వాత పెద్దచోటికి పంపుతారు. ఎత్తు నించి పడి మెడ నొప్పి అంటున్నా, కాళ్ళూ చేతులూ తిమ్మిరిగా ఉన్నాయంటున్నా, కదపలేకపోతున్నా మీరు ఎత్తుకోవద్దు, ఉన్నచోటే ఉంచి అంబులెన్స్ కోసం ఆగండి. అంబులెన్స్ అంటే వేగంగా పోయే బండి అని మనం అనుకుంటాం గానీ, అసలు లాభం అందులో ఉన్న మనిషిది. దారిలోనే వైద్యం మొదలవుతుంది, ఎక్కడికి తీసుకెళ్ళాలో వాళ్ళకి తెలుస్తుంది, ముందే ఫోన్ చేసి చెప్తారు.

ఆ ఘోరమైన సందర్భాలు తీసేస్తే, పిల్లలకి తగిలే దెబ్బల్లో చాలావాటికి ఐదు నిమిషాలు ఆలోచించే టైమ్ ఉంటుంది. మనం ఆ ఐదు నిమిషాలూ తీసుకోం. చెప్పులు కూడా వేసుకోకుండా బండి ఎక్కేస్తాం, తర్వాత తప్పు చోట రెండు గంటలు కూర్చుంటాం.

పిల్లల విషయంలో ఈ ఎంపిక పెద్దవాళ్ళకంటే ఎందుకు ముఖ్యమో చెప్తాను. పిల్లల శరీరం పెద్దవాళ్ళ శరీరానికి చిన్న నకలు కాదు. పది కిలోల పిల్లకి ఒంట్లో ఉండే రక్తం అంతా కలిపి దాదాపు 800 మిల్లీలీటర్లు. పెద్దవాళ్ళకి ఏమంత కాదనిపించే రక్తస్రావం ఆ పిల్లకి చాలా పెద్దది. పైగా పిల్లల గుండె వేగంగా కొట్టుకుని, చర్మంలోని నాళాలు బిగుసుకుని, బీపీని చాలాసేపు నిలబెడతాయి. దాదాపు మూడో వంతు రక్తం పోయేదాకా బీపీ మామూలుగానే కనపడొచ్చు, ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది. కాబట్టి మిషన్‌లో బీపీ అంకె బాగుంది అని ధైర్యపడే డాక్టర్ కంటే, పిల్ల పాలిపోయింది, చేతులు చల్లగా ఉన్నాయి, గుండె దడదడ కొట్టుకుంటోంది అని గమనించే డాక్టర్ కావాలి. ఎముకల్లో కూడా తేడా ఉంది. ఎదిగే పిల్లల ఎముకల చివర పెరుగుదల పలక ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది అక్కడే. అది చుట్టూ ఎముకల్ని కలిపి ఉంచే పట్టీల (లిగమెంట్ల) కంటే మెత్తన. పెద్దవాళ్ళకి బెణికే చోట పిల్లలకి ఆ పలక దెబ్బతినొచ్చు. "బెణికింది, రెండు రోజుల్లో తగ్గిపోతుంది" అన్న మాట పెద్దాయనకి సరిపోతుంది, ఎనిమిదేళ్ళ పిల్లకి అన్నిసార్లూ సరిపోదు.

మందుల మోతాదు కూడా బరువుని బట్టి మారిపోతుంది. అందుకే 1980ల్లో జేమ్స్ బ్రోస్లో అనే అమెరికన్ డాక్టర్ రంగురంగుల టేపు ఒకటి తయారుచేశాడు. పిల్లవాడి పక్కన ఆ టేపు పరిస్తే, వాడి పొడవుని బట్టి బరువెంత ఉంటుంది, ఏ మందు ఎంత, ఊపిరి గొట్టం ఏ సైజుది అన్నీ ఆ రంగులోనే రాసి ఉంటాయి. తూకం వేసే టైమ్ కూడా లేనప్పుడు వాడడానికి. ఒక వస్తువుగా చూస్తే చాలా చిన్నది, కానీ ఒక ఎమర్జెన్సీ పిల్లల కోసం ముందే ఆలోచించిందా లేదా అనేది ఇలాంటివాటిలోనే తెలుస్తుంది. 2013లో అమెరికాలో నాలుగు వేలకి పైగా ఎమర్జెన్సీ విభాగాలని పిల్లల విషయంలో మీరెంత సిద్ధంగా ఉన్నారని అడిగి నూటికి మార్కులు వేశారు. మార్కుల వరసలో సరిగ్గా మధ్యలో ఉన్న ఆసుపత్రికి వచ్చినవి 69. తర్వాత 2023లో వచ్చిన ఇంకో పెద్ద అధ్యయనంలో, బాగా సిద్ధంగా ఉన్న ఎమర్జెన్సీలకి చేరిన గాయపడ్డ పిల్లలు ఆసుపత్రిలో చనిపోయే అవకాశం, సిద్ధంగా లేనివాటితో పోలిస్తే 60 శాతం తక్కువని తేలింది. అంత సంపన్న దేశంలోనే తలుపుకీ తలుపుకీ అంత తేడా ఉంది. కాబట్టి "ఏ ఆసుపత్రి అయినా ఒకటేలే" అని ఎవరైనా అంటే నేను ఊరుకోలేను.

అయితే దీన్ని "ఎప్పుడూ పెద్దచోటికే వెళ్ళండి" అని చదువుకోకండి. అది కూడా తప్పే, దానికి మా ఇంట్లోనే ఇంకో కథ ఉంది. మా పాపకి రెండేళ్ళప్పుడు మెట్ల దగ్గర పడబోతుంటే మా ఆయన చెయ్యి పట్టుకుని చటుక్కున పైకి లాగారు. అంతే, ఆ చెయ్యి వాడడం మానేసింది. వేలాడేసుకుని కూర్చుంది, ముట్టుకుంటే ఏడుస్తుంది, వాపు లేదు, కమిలింది లేదు. అన్నయ్య చెయ్యి విరిగిన రాత్రి ఇంకా మా కళ్ళ ముందే ఉంది కాబట్టి మా ఆయన నేరుగా ఆ మూడో ఆసుపత్రికే పోదామన్నారు. వీధి చివర పిల్లల డాక్టర్‌కి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "చెయ్యి పట్టుకుని లాగారా? పడలేదు కదా? తీసుకురండి" అన్నారు ఆవిడ. వెళ్ళాం. మోచేయి ఒక చేత్తో పట్టుకుని, మణికట్టు దగ్గర ఇంకో చేత్తో తిప్పారు. టక్ మని చిన్న చప్పుడు. పావుగంటలో పాప ఆ చేత్తోనే ఆవిడ బల్ల మీద పెన్ను లాక్కుంది. ఒకటి నించి నాలుగేళ్ళ పిల్లల్లో చెయ్యి పట్టి లాగితే మోచేతి దగ్గర ఎముక కొస దాని చుట్టూ ఉన్న పట్టీలోంచి జారుతుంది. జరిగిన తీరు స్పష్టంగా తెలిస్తే, వాపు లేకపోతే, దీనికి ఎక్స్‌రే కూడా సాధారణంగా అక్కర్లేదు. అదే పెద్ద ఆసుపత్రికి వెళ్ళుంటే మాకంటే ముందు గుండెపోటు వాళ్ళూ, రోడ్డు ప్రమాదం వాళ్ళూ ఉంటారు, పాప ఆ నొప్పితో మూడు గంటలు కూర్చునేది. పడటం వల్ల అయితే మాత్రం, వాపు ఉంటే మాత్రం, ఎక్స్‌రే లేకుండా చెయ్యి తిప్పనివ్వకండి.

ఇక తల దెబ్బ. తల్లిదండ్రులని అన్నిటికంటే భయపెట్టేది ఇదే, అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేదీ ఇక్కడే, రెండు వైపులా. మంచం మీద నించి పసిపిల్ల దొర్లి పడితే స్కానింగ్ తీసేదాకా ఒప్పుకోని వాళ్ళున్నారు, మేడ మీద నించి పడ్డా ఆడుకుంటున్నాడుగా అని వదిలేసేవాళ్ళున్నారు. 2009లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. తలకి దెబ్బ తగిలి ఎమర్జెన్సీకి వచ్చిన, చూడ్డానికి దాదాపు మామూలుగానే ఉన్న 42,412 మంది పిల్లలని గమనించారు. వాళ్ళలో మెదడుకి నిజంగా ప్రమాదకరమైన దెబ్బ తగిలింది 376 మందికి, అంటే నూటికి ఒకరికంటే తక్కువ. మెదడు ఆపరేషన్ అవసరమైంది 60 మందికి. కానీ మూడో వంతు పైగా పిల్లలకి సీటీ స్కాన్ తీశారు. సీటీ అంటే రేడియేషన్, ఎదిగే శరీరానికి అది పెద్దవాళ్ళకంటే ఎక్కువ హాని చేస్తుంది. స్కానింగ్ ఎవరికి అవసరం, ఎవరికి కాదు అని తేల్చే నియమాలు ఆ అధ్యయనం నించే వచ్చాయి, ఇప్పుడు చాలా దేశాల్లో డాక్టర్లు వాడుతున్నారు.

ఆ నియమాల్లో మనకి పనికొచ్చేవి చాలా ఉన్నాయి. ఎంత ఎత్తు నించి పడ్డారన్నది ఒకటి. రెండేళ్ళలోపు పిల్లలకి మూడడుగులు దాటితే, ఆ పైవాళ్ళకి ఐదడుగులు దాటితే దాన్ని పెద్ద ఎత్తు నించి పడ్డట్టు లెక్క వేస్తారు. బొప్పి ఎక్కడ కట్టిందన్నది ఇంకొకటి. రెండేళ్ళలోపు పిల్లలకి నుదుటి మీద బొప్పి భయంగా కనపడుతుంది గానీ దాని వల్ల ప్రమాదం తక్కువ. తల పక్కన, వెనక మెత్తగా ఉబ్బితే అది చూపించాల్సిందే. స్పృహ తప్పిందా, వాంతులు అవుతున్నాయా, తలనొప్పి బాగా ఎక్కువగా ఉందా, మత్తుగా, అయోమయంగా ఉన్నాడా, చెవిలోంచి గానీ ముక్కులోంచి గానీ నీళ్ళలాంటిది కారుతోందా అని చూస్తారు. వీటన్నిటితో పాటు ఆ జాబితాలో ఇంకో మాట ఉంది, నాకు అది చదివినప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండేళ్ళలోపు పిల్లల విషయంలో, "అమ్మానాన్నలకి బిడ్డ మామూలుగా లేనట్టు అనిపిస్తోందా" అన్నది కూడా ఒక లక్షణమే. అది మన చాదస్తం కాదు, నలభై రెండు వేల మంది పిల్లలని చూసి రాసుకున్న నియమంలో ఒక వరస. "ఏదో తేడాగా ఉందండీ, మా పాప ఇలా ఉండదు" అని మీరు అన్నప్పుడు కొట్టిపారేసేవాళ్ళ దగ్గర నించి లేచి వచ్చెయ్యండి.

తల దెబ్బకి ఎక్కడికి వెళ్ళాలంటే, పై లక్షణాల్లో ఏదైనా ఉంటే సీటీ ఇరవైనాలుగు గంటలూ ఉన్నచోటికి, అవసరమైతే మెదడు ఆపరేషన్ చేసే డాక్టర్ (న్యూరోసర్జన్) దొరికేచోటికి. ఏమీ లేకపోతే, బిడ్డ వెంటనే ఏడ్చి, కాసేపటికి మామూలైపోతే, ఒక డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడి నాలుగు నించి ఆరు గంటలు కళ్ళెదుట పెట్టుకుని చూడడం సరైన వైద్యమే. మూడు నెలల్లోపు పసికందుకి మాత్రం ఈ సడలింపు లేదు, చూపించాలి. నిద్రపోనివ్వకూడదు అని చాలామంది పిల్లలని గిల్లి గిల్లి లేపుతుంటారు. మామూలుగా ఉన్న బిడ్డని తన నిద్ర టైమ్‌కి నిద్రపోనివ్వచ్చు, లేపితే లేస్తోందా లేదా అన్నదే చూడాలి.

కాలిన గాయాలకి అసలు మొదటి వైద్యం ఇంట్లోనే, కుళాయి కిందే. ఇరవై నిమిషాలు, గడియారం చూసుకుని, పారే చల్లని నీళ్ళు. ఐస్ వద్దు, టూత్‌పేస్ట్ వద్దు, ఇంకే పూతలూ వద్దు. కాలిన మూడు గంటల దాకా కూడా ఈ నీళ్ళు మేలు చేస్తాయి, కాబట్టి కంగారులో నీళ్ళు పోయకుండా బయల్దేరితే నష్టపోయినట్టే. కాలిన చోట మాత్రమే చల్లబరచాలి, మిగతా ఒళ్ళు కప్పి వెచ్చగా ఉంచాలి. వేళ్ళతో సహా పిల్లవాడి అరచెయ్యి వాడి ఒంట్లో దాదాపు ఒక శాతం. దాన్ని కొలతగా పెట్టుకుని ఫోన్‌లో చెప్పొచ్చు. ముఖం, చేతులు, పాదాలు, మర్మాంగాలు, కీళ్ళ మీద కాలినా, చెయ్యి చుట్టూరా కాలినా, కరెంటుతో గానీ రసాయనంతో గానీ కాలినా కాలిన గాయాల విభాగం ఉన్నచోటికే వెళ్ళాలి. కరెంటు షాక్‌లో బయట చిన్న మచ్చే కనపడి లోపల చాలా దెబ్బ ఉండొచ్చు.

పన్ను ఊడితే ఎమర్జెన్సీ కంటే డెంటిస్ట్ కావాలి, అది కూడా అరగంటలో దొరికితే మేలు. శాశ్వత దంతం అయితే వేరు ముట్టుకోకుండా పైభాగం పట్టుకుని, మట్టి ఉంటే చటుక్కున కడిగి, మళ్ళీ ఆ గుంటలోనే పెట్టి గుడ్డ కొరికిపట్టుకోమనాలి. అది కుదరకపోతే పాలలో వేసి తీసుకెళ్ళాలి. పాలపన్ను అయితే తిరిగి పెట్టరు.

కుక్క కరిస్తే నా వాదన అక్షరాలా నిజమవుతుంది. సబ్బుతో, పారే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడగాలి, తర్వాత వెళ్ళాలి. కానీ ఎక్కడికి? రక్తం వచ్చేలా కరిస్తే టీకా ఒక్కటే చాలదు, ఇంతకుముందు ఆ టీకాలు వేయించుకోని పిల్లలకి గాయం లోపలా చుట్టూ ఇమ్యూనోగ్లోబులిన్, అంటే రేబిస్ క్రిమిని అడ్డుకునే తయారు యాంటీబాడీల ఇంజక్షన్, ఇవ్వాలి. అది అన్నిచోట్లా ఉండదు. కాబట్టి ముందు ఫోన్ చేసి "టీకాతో పాటు ఇమ్యూనోగ్లోబులిన్ కూడా ఉందా" అని అడగాలి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదాని ప్రకారం ఆ జబ్బు బారిన పడేవాళ్ళలో నూటికి 40 మంది పదిహేనేళ్ళలోపు పిల్లలే. పిల్లలు చిన్న గీతలని ఇంట్లో చెప్పరు కూడా, అడిగి తెలుసుకోవాలి.

గుండీ ఆకారం బ్యాటరీ మింగారన్న అనుమానం వచ్చినా అంతే. అది అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే కాల్చడం మొదలుపెడుతుంది. ఎక్స్‌రే, పిల్లలకి ఎండోస్కోపీ (గొంతులోంచి కెమెరా గొట్టం దింపి బయటికి తియ్యడం) రెండూ ఉన్నచోటికి నేరుగా వెళ్ళాలి. సైకిల్ హ్యాండిల్ పొట్టలో గుచ్చుకుంటే పైన చిన్న గుండ్రటి కమిలిన మచ్చ తప్ప ఏమీ ఉండకపోవచ్చు, లోపల కాలేయమో ప్లీహమో పేగో దెబ్బతిని ఆ నొప్పి గంటల తర్వాత బయటపడొచ్చు. స్కానింగ్, పిల్లల సర్జన్ ఉన్నచోట చూపించండి.

ఇన్ని గుర్తుపెట్టుకోవడం ఎవరి వల్ల అవుతుంది, ఆ టెన్షన్‌లో బుర్ర పనిచేస్తుందా అని మా అత్తయ్య అడిగారు. నిజమే, పనిచెయ్యదు. నా బుర్ర కూడా పనిచెయ్యలేదు. అందుకే ఏ దెబ్బా తగలని రోజున కూర్చుని చేసుకోవాలి ఈ పని. మేం ఒక ఆదివారం కూర్చుని చుట్టుపక్కల ఉన్న చోట్లన్నిటికీ ఫోన్లు చేశాం. రాత్రి పన్నెండింటికి ఎక్స్‌రే తీస్తారా? పిల్లల డాక్టర్ లోపలే ఉంటారా, పిలిస్తే ఇంటి నించి వస్తారా? పిల్లలకి మత్తు ఇచ్చే డాక్టర్ రాత్రిపూట ఉంటారా? ముఖం మీద తెగితే కుట్లు ఎవరు వేస్తారు? కొందరు విసుక్కున్నారు, కొందరు ఓపిగ్గా చెప్పారు. అది కూడా ఒక సమాచారమే. ఒక కాగితం మీద రాసి బీరువా తలుపు లోపల అంటించాం, ఫోన్లలో ఫోటో పెట్టుకున్నాం. కానీ ఆ కాగితం ఉంది కదా అని ఫోన్ మానకూడదు, డాక్టర్లు సెలవులో ఉంటారు, మిషన్లు పాడవుతాయి. బయల్దేరే ముందు ఒక్క ఫోన్. "ఆరేళ్ళ బాబు, ఎత్తు నించి పడ్డాడు, మోచెయ్యి వంకరపోయింది, వేళ్ళు చల్లగా ఉన్నాయి, మీరు ఇప్పుడు చూడగలరా?" ఇంతే. వయసు, ఎలా తగిలింది, ఎక్కడ, ఇప్పుడెలా ఉన్నాడు. "తీసుకురండి చూద్దాం" అంటే సరిపోదు, "చూడగలరా, లేక మళ్ళీ ఎక్కడికైనా పంపుతారా" అని గట్టిగా అడగండి. మర్యాదకి పోయి మేం ఆ రాత్రి అది అడగలేదు.

దారిలో తినడానికీ తాగడానికీ ఏమీ పెట్టకండి. ఏడుస్తుంటే ఏదో ఒకటి నోట్లో పెట్టి ఊరుకోబెట్టాలనిపిస్తుంది, కానీ మత్తు ఇవ్వాల్సి వస్తే కడుపు ఖాళీగా ఉండాలి, లేకపోతే ఆపరేషన్ గంటలు వెనక్కిపోవచ్చు. నొప్పి మందు సంగతి ఫోన్‌లోనే అడగండి. నొప్పి తగ్గిస్తే డాక్టర్‌కి జబ్బు తెలియకుండా పోతుందని కొందరు ఇంకా అనుకుంటారు, అలా ఏమీ కాదు. నొప్పి తగ్గిన బిడ్డని పరీక్ష చెయ్యడమే తేలిక. నడిపేవాళ్ళు కాక ఇంకొకరు వెనక సీట్లో బిడ్డ పక్కన కూర్చోవాలి.

చేరాక వెయిటింగ్. మనకంటే వెనక వచ్చినవాళ్ళని ముందు లోపలికి తీసుకెళ్తే ఒళ్ళు మండుతుంది, మా ఆయన రెండో ఆసుపత్రిలో గొడవ కూడా పెట్టుకోబోయారు. ఎమర్జెన్సీలో వరస వచ్చిన టైమ్‌ని బట్టి ఉండదు, ప్రమాదాన్ని బట్టి ఉంటుంది. మిమ్మల్ని కూర్చోబెట్టారంటే చాలాసార్లు అది శుభవార్తే. కానీ కూర్చున్నంతసేపూ బిడ్డని చూస్తూ ఉండండి. మొదట చూసినప్పటి కంటే పాలిపోయినా, మత్తుగా అయినా, వేళ్ళు చల్లబడినా లేచి వెళ్ళి "ఇందాక ఇలా లేడు, మళ్ళీ చూడండి" అని చెప్పాలి. ఆ మాట చెప్పడానికి మొహమాటపడేవాళ్ళ కోసమే ఇంత పొడుగు రాస్తున్నాను.

దెబ్బ ఎలా తగిలిందని ముగ్గురు నలుగురు మళ్ళీ మళ్ళీ అడుగుతారు. మనల్ని అనుమానిస్తున్నారనిపిస్తుంది, నాకూ ఏడుపొచ్చింది. ఇంట్లోనే దెబ్బలు తినే పిల్లలు ఉన్నారు, వాళ్ళని కనిపెట్టడానికి వేరే దారి లేదు. ప్రతి బిడ్డకీ ఆ ప్రశ్న అడిగే చోటు మంచి చోటు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మా ఆయన పాప చెయ్యి లాగిన సంగతి దాచుంటే ఆ డాక్టరమ్మకి జారిన ఎముక గురించి తట్టేది కాదు.

మొన్నీమధ్య పాప సైకిల్ మీద నించి పడింది. లోపల ఉన్న నాకు ఏడుపు వినిపించి బయటికి వచ్చేసరికి మా వాడు, ఇప్పుడు తొమ్మిదేళ్ళవాడు, చెల్లి పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. దాని మణికట్టు ఉబ్బిపోయింది. వాడు దాన్ని లేపడానికి చూడలేదు, చెయ్యి కదపలేదు. దాని రెండు చేతుల వేళ్ళూ తన చేతుల్లో పట్టుకుని ఉన్నాడు. "అమ్మా, రెండూ వెచ్చగానే ఉన్నాయి. గోళ్ళు కూడా ఎర్రగానే ఉన్నాయి. చూశా" అన్నాడు.

బీరువా తలుపు తీసి కాగితం చూసి ఫోన్ చేశాను. ఎక్స్‌రే ఉంది, ఎముకల డాక్టర్ ఎనిమిదింటి దాకా ఉంటారు, పిల్లల కట్టు వాళ్ళే కడతారు, వేరే ఎక్కడికీ పంపరన్నారు. టైమ్ ఆరున్నర. బయల్దేరాం.